తువ్వాల కింద మాట

“‘ఈ పొద్దు నుంచి నోటిమాట బేరాలు చెల్లవు.’ భలే రాసినావమ్మా!” అన్నాడు నోటీసు చదివిన ఆదోని పత్తిమిల్లు యజమాని విశ్వేశ్వరయ్య.

కాంట్రాక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ తెచ్చుకుని, కొత్తగా ఉద్యోగంలో చేరిన హర్షిత మురిసిపోయింది.

అంతలో ఆమె నాయన, పత్తి దళారి ఉరుకుందప్ప, లోపలికి వచ్చినాడు.

“సావుకారీ, ఎమ్మిగనూరు రైతులు పత్తి తెచ్చినారు. నిన్న తువ్వాల కింద నా వేళ్లు పట్టి లెక్క చెప్పి ఒప్పుకున్న ధర ఇప్పించండి.”

“యాడ రాసుకున్నాం అప్పా? నోటిమాట చెల్లదని నీ కూతురే రాసింది.”

“అది ఈ పొద్దు నుంచే సార్, నిన్నటి మాటకు కాదు!” హర్షిత అడ్డుపడింది.

విశ్వేశ్వరయ్య నవ్వినాడు. “నీ ఉద్యోగం గూడా నేను మీ నాయనకిచ్చిన నోటిమాటే. దానికి కాగితం ఉందా తల్లీ?”

ఉరుకుందప్ప కూతురి వైపు ఆశగా చూసినాడు.

హర్షిత తల దించుకుంది.

“రాసుకోనిది చెల్లదు నాయనా,” అంది.