అర్థమైందక్కా

"పేజీ తిప్పి, మూడో లెక్క చేసి, జవాబు మాత్రం చివరి పేజీలో రాయవే," అని చెల్లికి నాలుగోసారి చెప్పాను. "అర్థమైందా?"

"అర్థమైందక్కా."

పెన్సిల్ కదల్లేదు. నోటుబుక్కులో టీచర్ ఎర్రసిరాతో రాసింది కళ్లముందే ఉంది: 'అన్నిటికీ తలూపుతుంది, ఏదీ చేయదు. మొండిఘటం. ఇలాగైతే కింది తరగతికి పంపేస్తాం.'

నాకు ఒళ్లు మండింది. "సరే, ఆ గోడని మడతపెట్టి బ్యాగులో పెట్టుకో. అర్థమైందా?"

"అర్థమైందక్కా," అంటూ బ్యాగు జిప్పు తీసి, ఏం పెట్టాలో తెలియక నా మొహంలోకి చూసింది.

అది నన్ను ఆటపట్టించడం లేదు. నేను చెప్పిన మాటల్లో దానికి అందింది బ్యాగు ఒక్కటే.

"అర్థం కాకుండానే అర్థమైందంటావేంటే?"

"అలా అంటే... నువ్వు అరవవు."

జిప్పు నేనే మూశాను. "పేజీ తిప్పు," అని ఆ ఒక్క మాటే చెప్పి ఆగాను.

తిప్పింది.