కార్డులో లేని పేరు

“నీ పేరు తీసేసినారప్పా. నువ్వు చచ్చిపోయినావని ఉండాది ఈడ.”

డయాలసిస్ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి కంప్యూటర్‌ మీంచి కళ్ళు తిప్పకుండానే చెప్పింది. హొన్నూరప్పకు ముందు నవ్వొచ్చింది. ఇంకోసారి చూడమన్నాడు. ఆమె రేషన్ కార్డు నంబరు మళ్ళీ కొట్టి, స్క్రీన్ అతని వైపు తిప్పింది. కార్డులో సౌభాగ్య పేరు ఒక్కటే ఉంది. అతని పేరుకు ఎదురుగా, మరణించినందున తొలగించడమైనది అని ఉంది. ఆ కార్డు మీదే అతనికి వారానికి రెండుసార్లు ఉచితంగా డయాలసిస్ జరుగుతోంది.

అతను భార్య వైపు చూశాడు. సౌభాగ్య గోడకు ఆనుకుని, అట్లాగే కిందికి జారి కూర్చుంది.  

నర్సు జాలిపడి ఆ ఒక్కరోజుకు మిషన్ ఎక్కించింది. శుక్రవారంలోగా కార్డు సరిచేయించుకుని రావాలని, లేకపోతే తన చేతుల్లో ఏమీ లేదని చెప్పింది. అప్పటికి మంగళవారం మధ్యాహ్నం దాటింది.

హొన్నూరప్ప జీన్స్ వాషింగ్ యూనిట్‌లో పదిహేనేళ్ళు పనిచేశాడు. రెండేళ్ళ కింద కిడ్నీలు పాడైనప్పటి నుంచి ఇంట్లోనే ఉన్నాడు. సౌభాగ్య సత్యనారాయణపేటలో రెండిళ్ళలో వంట చేసి తెచ్చే తొమ్మిది వేలతోనే ఇల్లు గడవాలి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా అతని చేతికి ఆపరేషన్ చేయించడానికి ఆమె ఒక ఫైనాన్స్ కంపెనీలో అరవై వేలు తీసుకుంది. వారం వారం కంతు కట్టాలి. రెండు వారాలు తప్పితే ఆమెతో కలిసి అప్పు తీసుకున్న సంఘం ఆడవాళ్ళు వచ్చి గడప ముందు కూర్చునేవాళ్ళు. లోపల మంచం మీద పడుకుని అతను ఆ మాటలన్నీ వినేవాడు. ఆ రోజుల్లో రక్తం పట్టే ఇంజెక్షన్ మానేసి ఆ డబ్బు కంతుకు కట్టమని అతనే చెప్పాడు. ఆమె వినలేదు.

మార్చిలో ఆ బాధ తీరింది. కమ్మలు అమ్మి మిగిలిన అప్పంతా కట్టేశానని సౌభాగ్య చెప్పింది. చెవులకు వేపపుల్లలు పెట్టుకుంది. అద్దె తక్కువని ఊరికి ఆ చివరన వేరే ఇల్లు చూసింది. అప్పటి నుంచి ఇంజెక్షన్ ఒక్కసారి కూడా తప్పలేదు. ఆమె చెవుల వైపు చూసినప్పుడల్లా హొన్నూరప్ప తల దించుకునేవాడు.

ఆస్పత్రి నుంచి వచ్చాక అతను ఒకటే ఆలోచించాడు. తను చచ్చినట్టు రాయిస్తే ఎవరికి లాభం? సొంతూరు సిరిగేరిలో తమ్ముడు రుద్రేశ్‌తో కలిసి ఎకరన్నర వరి మడి ఉంది. జబ్బు బయటపడ్డప్పుడు అది అమ్ముదామంటే రుద్రేశ్ ఒప్పుకోలేదు. అప్పటి నుంచి మాటల్లేవు.

“వాడేలే. పొలం కోసం నన్ను చంపినాడు.”

 ఎవరి పాపం వాళ్ళదని, కార్డు సంగతి తాను చూసుకుంటానని, ఎవరెవరినో అడుగుతానని సౌభాగ్య చెప్పింది.

“నువ్వు సిరిగేరికి మాత్రం పోవద్దు. నా మీద ఒట్టు. బస్సులో పడిపోతే నిన్ను ఎవరు ఎత్తుకొస్తారు?”

రెండు రోజులు ఆమె అన్నం ముట్టలేదు. తన కోసం ఈ మనిషి ఎంత కుమిలిపోతోందో అనుకున్నాడు అతను. గురువారం ఆమె పనికి వెళ్ళగానే చొక్కా వేసుకుని బస్సెక్కాడు.

రుద్రేశ్ మడిలో కలుపు తీయిస్తున్నాడు. అన్నను చూసి గట్టు మీదికి వచ్చేలోపే హొన్నూరప్ప అతని చొక్కా పట్టుకున్నాడు.

“బతికుండంగానే పూడ్చినావు గదరా నన్ను.”

కూలివాళ్ళు పని ఆపి చూస్తున్నారు. రుద్రేశ్ విడిపించుకోలేదు. విషయమంతా విన్నాడు. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిపోయిన అన్న చెయ్యిని చూశాడు.

“పొలం అమ్మనియ్యలేదు, నిజమేన్నా. నీ నోట్లో మన్ను కొట్టినా. అంతేగాని నీ చావు కోరలేదు. నడువు, ఆఫీసులోనే అడుగుదాం.”

బండి మీద వెనక కూర్చున్నాక హొన్నూరప్పకు కళ్ళు తిరిగాయి. తమ్ముడి భుజం పట్టుకోక తప్పలేదు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి అతన్ని ముట్టుకున్నాడు.

ఊళ్ళో మరణ పత్రాలు రాసిచ్చే విలేజ్ అకౌంటెంట్ వేరే తాలూకా నుంచి ఈ ఏడాదే వచ్చినవాడు. అన్నదమ్ములిద్దరిలో ఎవరూ అతనికి తెలియరు. చనిపోయినవాడి తాలూకు బంధువులనుకుని కుర్చీలు చూపించాడు. రుద్రేశ్ తన అన్న పేరు చెప్పగానే ఫైలు తీశాడు. హొన్నూరప్ప, సిరిగేరి. మార్చి పన్నెండున ఇంట్లోనే మరణం. కిడ్నీ జబ్బు.

హొన్నూరప్ప ఆ కాగితాన్ని చూస్తూ కూర్చున్నాడు.  రుద్రేశే అడిగాడు.

“ఎంక్వైరీ చేయకుండా ఎట్ల రాసిచ్చినారు సార్?”

అకౌంటెంట్ కొంచెం ఇబ్బందిగా కదిలాడు. ఊళ్ళో విచారించే ఇవ్వాలని, తనకూ తెలుసని అన్నాడు. ఫైనాన్స్‌వాళ్ళకు ఆ పత్రం చూపిస్తే అప్పు మాఫీ అవుతుందని, అది ఆ రోజే కావాలని అడిగారని చెప్పాడు. పేదవాళ్ళ పని కదా అని ఇచ్చేశానన్నాడు. ఆ పత్రం కంప్యూటర్లోకి ఎక్కాక, కొన్నాళ్ళకు రేషన్ కార్డులో పేరు దానంతటదే పోతుందన్నాడు.

“ఎవరు సార్ అడిగింది?” అన్నాడు హొన్నూరప్ప. 

అకౌంటెంట్ ఫైలు మూసి, అతను కూర్చున్న కుర్చీ వైపు చూపించాడు.

“ఆయన పెండ్లామేప్పా, ఆ కుర్చీలోనే కూర్చోని ఏడ్చింది.”