మూల దుంగ కింద

"పక్కకి తప్పుకో ఉస్తీన్యా! ఈ గాదె మా నాన్న కట్టింది. ఆయన తర్వాత పెద్దకొడుకుని నేను."

మిల్లు యజమాని హర్లాంపి గొంతు చించుకుంటున్నాడు. చనిపోయిన అతని తమ్ముడి భార్య ఉస్తీన్య గాదె తలుపుకి వీపు ఆనించి నిలబడింది. లోపల ఆమె ఏడాది పంట ఉంది. అది పోతే ఆమెకీ, ఇద్దరు ఆడపిల్లలకీ ఈ చలికాలం తిండి లేనట్టే.

"మీ తమ్ముడు కట్టాడు బావగారూ. ఒక్క మేకు కొట్టకుండా, ఒక్క గొడ్డలితో ఇన్ని దుంగలూ చెక్కాడు. ఆయన చేతులు బొబ్బలెక్కితే వెన్న రాసింది నేను."

"అయితే ఆ వెన్నని పిలు, సాక్ష్యం చెబుతుంది!"

మిల్లు పనివాళ్లు ఇకిలించారు. ఊరంతా అక్కడే ఉంది. నిజం అందరికీ తెలుసు. కానీ గింజ పిండి కావాలంటే హర్లాంపి మిల్లు తప్ప గతి లేదు. అందుకని మగాళ్లందరూ తమ నారచెప్పుల వంకే చూసుకుంటున్నారు, వాటిని అప్పుడే కొత్తగా కొన్నట్టు.

ఊరిపెద్ద యెవ్సేయ్ గడ్డం గోక్కున్నాడు. "మాటలదేముంది, ఎటైనా తిరుగుతాయి. మొదటి దుంగ వేసేటప్పుడు కట్టేవాడు మూల కింద ఏదో ఒకటి పెడతాడు కదా. ఎవరు, ఎప్పుడు, ఏం పెట్టారో చెప్పండి. ఎత్తి చూద్దాం. హర్లాంపీ, ముందు నువ్వు."

"పద్దెనిమిది వందల ముప్ఫైలో, నా కళ్లెదుట మా నాన్న పెట్టాడు. గొర్రెబొచ్చు, గుప్పెడు గింజలు, ఒక రాగి నాణెం. ఆ మరుసటేడే కలరాలో పోయాడు, పాపం."

ఎవరైనా పెట్టేవి అవే. ఊళ్లో పాలు తాగే పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

"నువ్వేమంటావమ్మా?"

"బావగారు చెప్పినవే ఉంటాయి తాతా. ఎత్తించండి."

జనం ముక్కున వేలేసుకున్నారు. పక్కింటావిడ ఉస్తీన్య చెయ్యి గిల్లింది. "నీ నోటితో నువ్వే గాదె అప్పగించేశావు కదే!"

"ఎత్తనీ వదినా. నా మొగుడు బతికుండగా ఏనాడూ అబద్ధమాడలేదు. ఆయన పెట్టిందీ అబద్ధమాడదు."

నలుగురు మగాళ్లు రెండు గుంజలు దూర్చి మూల పైకి లేపారు. గాదె కిర్రుమంది గానీ ఒక్క అతుకూ విడలేదు. అలా కట్టినవాడి పనితనం చూసి ఆ నలుగురికీ సిగ్గేసింది. యెవ్సేయ్ సందులో చెయ్యి పెట్టి భూర్జ బెరడు పొట్లం బయటికి లాగాడు. గొర్రెబొచ్చు. నల్లబడిన గింజలు. రాగి నాణెం.

"చూశారా! చూశారా!" హర్లాంపి ఎగిరి గంతేశాడు. "తియ్యి తాళం!"

ఉస్తీన్య తలుపు దగ్గర్నుంచి అంగుళం కదల్లేదు.

"ఉండవయ్యా. ఆ నాణెం మీద ఏం రాసుందో చదవండి ఎవరైనా" అన్నాడు యెవ్సేయ్.

ఊళ్లో చదువొచ్చింది హర్లాంపి ఒక్కడికే. ఆ సంగతి అతను ఎవర్నీ మరిచిపోనివ్వడు. నాణెం లాక్కుని, చొక్కా అంచుతో తుడిచి, ఊరంతా వినేలా చదివాడు.

"మూడు కోపెక్కులు. వెయ్యిన్నీ ఎనిమిది వందల... నలభై."

గుంజలు పట్టుకున్నవాళ్లు తలలెత్తారు. యెవ్సేయ్ టోపీ తీసి, భక్తిగా శిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఎంత పనిమంతుడయ్యా మీ నాన్న! పోయిన తొమ్మిదేళ్లకి కూడా గొడ్డలి పట్టుకుని లేచొచ్చాడన్నమాట!"