ఎత్తు పెరిగిన ఇల్లు

రైతులు మరిచిపోయిన ఒక జొన్నల పాతరలో ఎలుకలు కాపురముండేవి. నేలలో లోతుగా తవ్వి, చుట్టూ రాయి కట్టి, పైన సగం కప్పు వేసిన గొయ్యి అది. వాటికి పెద్ద బొద్దప్ప అనే పందికొక్కు. పిచ్చుకలకు జొన్నలమ్మి, పరుపులకు ఈకలు తెచ్చేవాడు.

ఏటా పండగనాడు గింజల మీద నిలబడి తల పైకెత్తేవాడు. "చూశారా, కప్పు ఎంత ఎత్తుకు పోయిందో. నా పెద్దరికంలో ఇల్లు పెరుగుతోంది" అనేవాడు. అందరూ తోకలాడించేవాళ్లు.

చిట్టెలుక ఈరమ్మకు ఒళ్లు మండింది. నిరుడు ఒక్క గెంతులో బయటపడ్డ ఆమె పిల్లలకు ఈసారి అంచు అందడం లేదు.

"కప్పు పైకి పోలేదు బావా, మనమే కిందికి దిగాం. వచ్చిన ఈకలు చూసుకుని మురుస్తున్నావు. కాళ్ల కింద తరిగింది ఎవరు కొలుస్తారు?"

"మంచిరోజున నీ ఏడుపేంటి మరదలా?" అంటూ బొద్దప్ప పరుపు మీద దొర్లాడు.

ఈరమ్మ నోటినిండా జొన్నలు కుక్కుకుని, పిల్లల్ని వీపునెక్కించుకుని, రాళ్ల సందులు పట్టుకుని పైకి పాకింది. తొలకరికి గట్టున విత్తింది.

కంకులు ముదిరేసరికి పాతరలో గింజలు అడుగంటాయి. బొద్దప్ప ఎంత ఎగిరినా అంచు అందలేదు. "మరదలా" అని సన్నగా పిలిచాడు.

ఈరమ్మ పొడుగాటి జొన్నదంటు కిందికి దించింది. "ఎక్కు బావా. పైన కోత పనుంది, ఆపైన విత్తనాలు దాచే పనుంది."

బొద్దప్ప సగం ఎక్కి, రొప్పుతూ ఆగాడు. "ఇల్లు మాత్రం నిజంగానే ఎత్తుగా ఉందే."

"ఉండదా మరి? నువ్వు అమ్ముకు తిన్నంత ఎత్తుంది."