ఒకటికి రెండుసార్లు

ప్రయాణం మధ్యలో పెద్దాయన చెవి మిషన్ మూగబోయింది.

రైలు మారడానికి ఇంకా అరగంట ఉంది. స్టేషన్ ఎదురుగా కనిపించిన రిపేరు షాపులోకి సంచితో సహా వచ్చేశాడు.

ఆ షాపులోంచి పాడ్‌కాస్ట్ పేరు రాయించుకోకుండా ఎవరూ బయటపడలేరు. మెకానిక్‌కి యుద్ధాల చరిత్ర అంటే అంత పిచ్చి.

గొట్టంలో అడ్డుపడ్డ గులిమి తీసి, మిషన్ ఆయన చెవికి పెట్టాడు మెకానిక్.

“వినబడుతోందా?”

“వినబడుతోంది బాబూ, వినబడుతోంది.”

“అయితే రైల్లో ఇవి వినండి తాతగారూ. కోటల ముట్టడి మీద ఒకటుంది, మనచేత గోడలెక్కించేస్తాడు. జలాంతర్గాముల మీద ఇంకోటి, వింటుంటే ఊపిరాడదు. అన్నిటికన్నా గొప్పది మాత్రం ‘వంతెన’.”

“అది వద్దు బాబూ, అది వద్దు.”

“ఏం, భయమా?”

“భయమే బాబూ, భయమే.”

మెకానిక్ పకపకా నవ్వాడు.

“భలేవారే! శత్రువులు చుట్టుముడితే ఒక వైర్‌లెస్ ఆపరేటర్ ఒక్కడే కొండమీద ఉండిపోయి, దారి చెప్తూ రెండొందల మందిని వంతెన దాటించాడు. వాళ్లలో మా నాన్న ఒకడు. ఆ మహానుభావుడి పేరు కూడా తెలీదు. ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాలని నాన్న పోయేదాకా వెతికాడు. ఇప్పుడు నేను వెతుకుతున్నా. ఇవన్నీ వినేది అందుకే.”

పెద్దాయన చెవి మిషన్ సరిచేసుకున్నాడు.

“నాన్నగారికి పిల్లలెందరు బాబూ, పిల్లలెందరు?”

“నలుగురం. మనవలు తొమ్మిదిమంది.”

“చాలు బాబూ, చాలు.”

“ప్రతి మాటా రెండుసార్లు చెప్తారేంటి తాతగారూ? చెవుడు మీకు, నాక్కాదు!”

“పాత అలవాటు బాబూ, పాత అలవాటు.”

ఆయన కూడా నవ్వేశాడు. మెకానిక్ తలమీద ఒకసారి చెయ్యి వేసి, రైలు కూత వినబడగానే గబగబా వెళ్లిపోయాడు. పేరు అడగాలని మెకానిక్‌కి తోచనే లేదు.

మధ్యాహ్నం ‘వంతెన’ కొత్త భాగం వచ్చింది. ఆనాటి వైర్‌లెస్ టేపు ఇన్నేళ్లకి దొరికిందట.

“కాల్పుల మోతలో ఒకసారి పోయినా రెండోసారైనా చేరాలని, ఆ ఆపరేటర్ ప్రతి మాటా రెండుసార్లు చెప్పాడు,” అంటున్నాడు పాడ్‌కాస్ట్ చెప్పేవాడు.

మెకానిక్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపోయింది. గుమ్మంలోకి పరుగెత్తాడు. ఎదురుగా ప్లాట్‌ఫాం ఖాళీగా ఉంది.

గరగరల మధ్య నుంచి ఒక కుర్ర గొంతు పలికింది. “దాటండి బాబూ, దాటండి. నాకోసం ఆగొద్దు, ఆగొద్దు.”