గొంతు కొనడానికొచ్చిన మనిషి

“ఇది కాదు భాయ్. ఇది మరీ తియ్యగున్నది,” అన్నాడు కొండల్, తల అడ్డంగా ఊపుతూ.

అంజన్ ఆ సింథసైజర్‌ను ఆపేసి ఇంకోటి ముందుకు లాగాడు. సంతోష్‌నగర్‌లోని తన ఇంటి ముందు గదిలో అతను ఇలా రకరకాల శబ్దాలు పుట్టించే పాత ఎలక్ట్రానిక్ వాయిద్యాలు బాగుచేసి, ప్రయోగాల సంగీతం చేసే కుర్రకారుకు అమ్ముతుంటాడు. ఆ సంగీతానికి అతని తల్లి పుష్పమ్మ పెట్టిన పేరు లొల్లి. ఎవరొచ్చినా అంజన్ పద్ధతి ఒకటే. మెషీన్ల పేర్లు చెప్పడు, ధరలు చెప్పడు. ముందు కళ్లు మూసుకోమంటాడు, చెవుల్లో ఏ శబ్దం మెదులుతోందో చెప్పమంటాడు. అది విన్నాక తగిన మెషీన్ ఏదో తనే తేలుస్తాడు.

కొండల్‌కు నలభై పైబడి ఉంటాయి. ఉతికిన చొక్కా, నూనె రాసి దువ్విన తల. సంగీతం చేసే వాలకం మాత్రం ఏ కోశానా లేదు.

“నువ్వు ఏం వాయిస్తవ్ అన్నా?”

“నాకేం వాయించరాదు భాయ్. రోజు మీ గల్లీలకెల్లే పోత. ఓపారి మీ ఇంట్లకెల్లి ఓ సప్పుడు ఇనపడ్డది. గసుంటిది కావాలె.”

అంటే రోజూ ఈ ఇంటి మీద ఓ చెవి వేసి పోతున్నాడన్నమాట. అంజన్‌కు అప్పుడే మనసులో ఏదో గుచ్చుకుంది.

“సరే, కండ్లు మూసుకో. ఏం ఇనపడుతుంది?”

“చిన్న పాణం,” అన్నాడు కొండల్ కళ్లు మూసుకుని. “తల్లిని పిలుస్తది. గొంతు జర బొంగురు. ముక్కులకెల్లి వస్తది, చివరికి సాగుతది.”

అంజన్ చెయ్యి మెషీన్ మీద ఆగిపోయింది. కిందటేడు ఎవడో ఫోన్‌లో అచ్చం మనవరాలి గొంతుతో కాపాడమని ఏడిస్తే, పుష్పమ్మ గేటు దగ్గరికొచ్చిన మనిషికి మెడలోని గొలుసు తీసి ఇచ్చేసింది. ఆ సాయంత్రం మనవరాలు బడినుంచి నవ్వుకుంటూ వచ్చింది. సొంత మనవరాలి గొంతు పోల్చుకోలేకపోయానని పుష్పమ్మ ఇప్పటికీ కుములుతూనే ఉంది. ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడుతుంది.

“ఎవరి కోసం అన్నా ఇదంతా?”

కొండల్ చూపు తిప్పుకున్నాడు. “చెప్తే నవ్వుతవ్.”

“నవ్వ. చెప్పు.”

“ఆ చిన్న పాణం మొన్న పోయింది. తల్లి తిండి ముడ్తలేదు, జెరం గూడ పట్టుకున్నది. బొమ్మ చేపిచ్చి ముందల పెట్టిన. కండ్లకైతే సరిపోయింది గని, గొంతేది? గొంతు ఇనపడితె తల్లి నమ్ముతది. నమ్మితెనే పని అయితది.”

పోయిన పసిప్రాణానికి బొమ్మ చేయించి తల్లి ముందు పెట్టాడట! అంజన్ రక్తం మరిగింది. వీడెవడో కడుపుకోత తిన్న ఆడవాళ్లను వెతుక్కుంటూ తిరిగే మంత్రగాడై ఉంటాడు. ఇంకొక తల్లి మెడ బోసిపోతుంది, అదీ తన మెషీన్‌తో. అదే జరిగితే అమ్మ ముఖం ఎలా చూడాలి? పొమ్మనడానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. వీణ్ని పొమ్మంటే ఇంకో దుకాణం చూసుకుంటాడు. ఆ తల్లిని కాపాడేదెవరు?

మెట్లు లేని, ఒట్టి నాబ్‌లున్న చిన్న సింథసైజర్ తీశాడు. అది బొంగురుగా మూలిగింది.

“జర కిందికి దించు. ఇంకా సాగాలె. అగో, గదే! గదే భాయ్!”

కొండల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏం నటన, అనుకున్నాడు అంజన్.

“దీంట్ల మెమరీ ఉండదన్నా. దారిల నాబ్‌లు కదిలితే ఈ గొంతు పాయె. నేనే వచ్చి పెడ్త.”

“నువ్వొద్దు. కొత్తోళ్లను చూస్తే తల్లి బెదురుతది.”

“నేను రాకుంటే మెషీన్ గూడ రాదు.”

కొండల్ బయటి ఎండ వంక చూశాడు. “సరే నడువు. పొద్దుగూకకముందే కావాలె.”

హుస్సేనీ ఆలంలో ఓ సందు చివర పాత ఇల్లు. లోపల ఊదు పొగ ఎంత దట్టంగా ఉందంటే అంజన్‌కు కళ్లూ ముక్కూ మండిపోయాయి. పెరటి ద్వారానికి గోనె పరదా కట్టి ఉంది. కొండల్ మెషీన్‌కు తగిలించిన స్పీకర్ పట్టుకుని దాని వెనక్కి వెళ్తూ వేలు చూపించాడు. “నేను చిటికేస్తె మోగియ్యి. లోపలికి మాత్రం రాకు.”

అంజన్ ఒక చెయ్యి నాబ్ మీద వేశాడు. రెండో చేతిలో ఫోన్, అందులో పోలీసుల నంబరు సిద్ధంగా ఉంది. తల్లిని వాడు ఏదైనా అడిగిన మరుక్షణం పట్టుకోవాలి.

“వచ్చింది తల్లీ,” పరదా వెనక కొండల్ గొంతు లాలనగా వినిపించింది. “నీ పాణం వచ్చింది. చెవి పెట్టి ఇను.”

చిటిక వినబడింది. అంజన్ నాబ్ తిప్పాడు. బొంగురు గొంతు ముక్కులోంచి పిలిచి, పొడుగ్గా సాగింది. అవతల ఏదో బరువుగా కదిలింది. ఆ వెంటనే పెద్ద నిట్టూర్పు.

“నమ్మింది భాయ్,” అన్నాడు కొండల్ పరదా వెనకనుంచి. “ఇయ్యి తల్లీ, ఇంక ఇయ్యి.”

అంజన్ ఇక ఆగలేకపోయాడు. నమ్మకమ్మా, మోసం, అని అరవబోతూ ఒక్క అంగలో పరదా లాగేశాడు.

ఎదురుగా, గడ్డి నింపిన దూడ బొమ్మను నాకుతూ ఒక బర్రె పాలు చేపుతోంది.