గోడ మీద పెళ్ళికార్డు అక్షరాలు

"ఉండత్తా, అరవకు. చదువుతున్నాడు," అంది మేనకోడలు, కుట్టుమిషను వెనక నుంచి తొంగిచూస్తూ.

దర్జీకొట్టు పక్కగోడ ముందు ఒకాయన నిలబడ్డాడు. ఆ గోడ వాసనకు గిరాకీలు ముక్కు మూసుకుని వెనక్కి పోతున్నారు. ఇలాగే సాగితే అత్త మిషను అమ్ముకోవాలి. అందుకే బోర్డుల మీద అక్షరాలు రాసే పని నేర్చిన మేనకోడలు నిన్న పొద్దంతా కుంచె పట్టుకుని, 'దయచేసి ఇక్కడ మూత్రవిసర్జన చేయకండి' అని పెళ్ళికార్డుల ఫాంటులో మెలికలు తిప్పి రాసింది. అందంగా చెబితే ఎవరైనా వింటారని ఆమె నమ్మకం.

ఆయన తల ఎడమకు వంచాడు, కుడికి వంచాడు. ఒక ఒత్తు తోక ఎక్కడ తేలిందో కాసేపు వెతుక్కున్నాడు. చివరికి ప్యాంటు సర్దుకుని ఇటు తిరిగాడు.

"భలే రాశారమ్మా! చదవడం పూర్తయ్యేసరికి నా పనీ పూర్తయింది," అని వెళ్ళిపోయాడు.

మేనకోడలి మొహం మాడిపోయింది. "సున్నం పూసేస్తాను."

"పూసెయ్. దాని మీద బొగ్గుతో లావుగా 'పోయకు' అని రాయి, చాలు."

"ఇన్నాళ్ళూ నేర్చుకున్నది ఇందుకా అత్తా?"

"ఏడవకే పిచ్చిమొహమా. దారిన పోయేవాణ్ణి అంతసేపు నిలబెట్టాయి కదే నీ అక్షరాలు!"

అత్త నిచ్చెన తెచ్చి కొట్టు గుమ్మానికి ఆనించింది.

"ఎక్కు. ఇక్కడ మన కొట్టు పేరు రాయి. తోకలు మాత్రం తగ్గించకు."